అరిగిన అక్షరము – తెలిసినట్లు నటించు యంత్రము

ఇటీవల విద్యావంతులలో ఒక క్రొత్త వాదము బలపడుచున్నది. పాతనాణెముల మీది అరిగిన గుర్తులను చదువుటకు ఇక పండితుడక్కరలేదట. చేతిఫోనుతో ఒక్క ఛాయాచిత్రము తీసి కంప్యూటరునకు చూపినచో, అది రాజు పేరు, టంకశాల పేరు, సంవత్సరము, తుదకు వెల సహితము నిమేషములో చెప్పివేయునట. మరియొక పక్షమువారు దీనికి నేరుగా ఎదురు తిరిగి, యంత్రము ముట్టిన చరిత్ర చరిత్రయే కాదనుచున్నారు. ఈ రెండు పక్షములలో దేనితోను మాకు పొత్తు లేదు. యంత్రము రావలసినదే. కాని అది కన్నదానిని కంటిననియు, ఊహించినదానిని ఊహించితిననియు వేరువేరుగ చెప్పునట్లు కట్టడి చేయక, దానిని మన చరిత్రలోనికిని మన యిండ్లలోనికిని రానిచ్చుట తగదని మా వాదము.

సికింద్రాబాదునకు నాణెపు పరీక్ష వింత విద్య కాదు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకొన్ననాటి నుండి ఈ దండు ఊరు రెండు ద్రవ్యముల నడుమ బ్రదికినది. హుస్సేన్‌సాగరమునకు ఆవల నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా; ఈవల కంటోన్మెంటులో ఇంగ్లీషువారి కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు సమానమని 1950 నాటి లెక్క. ‘కల్’ అనగా యంత్రము. యంత్రముతో కొట్టినది గనుక కల్దారు. ఇప్పుడు యంత్రమన్నంతనే మొగము చిట్లించువారు తమ తాతలు ఏ రూపాయిని నమ్మి మూట గట్టుకొనిరో ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను. 1951లో హాలీ నాణెముల జారీ నిలిచినది. 1959లో వాటి చెలామణియే రద్దయినది.

ఆ రెండు ద్రవ్యముల నడుమ నిలిచి తీర్పు చెప్పినవాడు షరాబు. రాతిపై వేసి మ్రోత వినుట, అంచు తడవుట, త్రాసున తూచుట, వెలుతురునకు ఏటవాలుగా త్రిప్పి చూచుట అతని విద్య. ఆ విద్యకు వట్టము పుచ్చుకొనెడివాడు. అతని మాటకు విలువ యెందువలన వచ్చినది? తప్పు చెప్పినచో నష్టము అతని సంచికే గనుక వచ్చినది. అందుచేతనే తనకు అంతుపట్టని నాణెమును చేతనుంచుకొనక ప్రక్కకు నెట్టుట అతనికి అవసరమైనది. నేటి ఫోను షరాబునకు ఆ భయము లేదు. తప్పు దానిది, నష్టము దానిని నమ్మినవారిది.

ఒక దృష్టాంతము చూపుదుము. ఇరువదవ శతాబ్ది ఆరంభపు చార్మినారు రూపాయి మన ప్రాంతపు పాత యిండ్లలో నేటికిని కానవచ్చుచున్నది. మహబూబ్ అలీఖాను నాటి రూపాయి మీదను, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాను నాటి రూపాయి మీదను ఆ చార్మినారు బొమ్మయే. చుట్టును ఉన్నవి నిజాముల ఉమ్మడి బిరుదములే. మరి భేదమెక్కడ? చార్మినారు నడిమి ద్వారములో ఒక చిన్న అక్షరము: మహబూబునకు మీము, ఉస్మానునకు ఐను. ఆ యక్షరము అరిగిపోయినచో ఇక హిజ్రీ సంవత్సరమే దిక్కు. ఆ లిపిలో రెండు అంకెకు ఒక పల్లు, మూడు అంకెకు రెండు పళ్లు. 1330 అను సంవత్సరములోని రెండవ మూడు ఒక పల్లు పోగొట్టుకొన్నచో 1320 అగును. ఉస్మాను రూపాయి మహబూబు కాలమునకు నడచును. రెండు మూళ్లును చెరియొక పల్లు పోగొట్టుకొన్నచో 1220 అగును. అనగా 1805 ప్రాంతము, సికింద్రాబాదునకు ఇంకను పేరే పుట్టని కాలము! ఇదిగాక ఆ నాణెముల మీద 92 అను సంఖ్య కానవచ్చును. తెలియనివారు దానిని సంవత్సరమనుకొందురు. అది ముహమ్మదు అను నామములోని అక్షరముల విలువలను కూడగా వచ్చు సంఖ్య.

తెలిసిన చదువరి ఇట్టిచోట ఏమి చేయును? నాణెమును వెనుకకు త్రిప్పును. అచ్చట ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాదు అను టంకశాల పేరును, రాజు గద్దెనెక్కిన తరువాతి యేడును ఉండును. ముందువైపు హిజ్రీకిని వెనుకవైపు పాలన సంవత్సరమునకును పొత్తు కుదిరినదా లేదా యని చూచును. కుదరనిచో రెంటిలో ఏదో యొకటి తాను తప్పు చదివితినని గ్రహించును. ఒకే ముఖపు ఒకే చిత్రము మీద తీర్పు చెప్పు యంత్రమునకు ఈ రెండవ సాక్షి యెక్కడిది? సాక్షిని పిలువకయే తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనము మెచ్చుకొందుమా?

ఇది పండితుల గొడవ గదా, గృహస్థులకేమని కొందరడుగవచ్చును. మొదటి నష్టము గృహస్థులకే. పెట్టెలో పెద్దలు దాచిన నాలుగు రూపాయలలో ఒకదానిని ఫోను ‘అపురూపమైన సంవత్సరము’ అనును. కొనెదనని ఒకడు ప్రత్యక్షమగును. ముందుగా కొంత రుసుము పంపుమనును. పాతనాణెముల క్రయవిక్రయముల నెపమున కొందరు తన పేరు వాడుకొని ప్రజల నుండి రుసుములు గుంజుచున్నారనియు, ఆ వ్యాపారముతో తనకు సంబంధము లేదనియు 2021 ఆగష్టులో రిజర్వుబ్యాంకు హెచ్చరింపవలసి వచ్చినది. దీనికి వెనుదిరుగు నష్టమును కలదు. ‘సామాన్యము’ అని యంత్రమన్న నాణెము తూకమునకు వెండికొట్టునకు పోయి మూసలో కరగును. కరగినదానిని మరల చదువ యంత్రమేది?

ప్రసంగవశమున ఇంకొక మాట. దీపావళికి లక్ష్మీపూజలో ఉంచుటకై పాతనాణెములను చింతపండుతోను బూడిదతోను తోముట మన యిండ్ల ఆచారము. ఆ తోముటలో పోవునది మురికి యొక్కటే కాదు. అక్షరపు మిట్టయు కొంత పోవును. కాసులపేరునకై నాణెములకు కొండీలు అతికించువారును అక్షరములను కరగించుచున్నారు. పూజకు తళుకు కావలయుననుకొన్నవారు క్రొత్తనాణెములను తోమికొందురు గాక. పాతవాటిని మాత్రము మెత్తని గుడ్డలో చుట్టి దాచవలెను. లోహమునుండి పోయిన గీతను తిరిగి పుట్టించు విద్య యెవరికిని లేదు. పుట్టించితినని యెవరైన అన్నచో, ఆ గీత నాణెములోనిది కాదు, వారి యూహలోనిది.

ఇక్కడనే అసలు సంగతి యున్నది. అరిగిన నాణెమును చదువుటలో యంత్రము చేయు పనులు రెండు. పేరొక్కటే పెట్టుటచేత జనులు రెంటిని కలగలిపివేయుచున్నారు. మొదటిది వెలుతురు పని. నాణెమును కదలనీయక కెమెరాను పైన బిగించి, దీపమును ఒక్కొక్క దిక్కున ఏటవాలుగ ఉంచి పదులకొలది చిత్రములు తీయుదురు. ఏ దీపమునకు ఏ నీడ పడినదో లెక్కించి, కంటికి కానరాని పల్లమును మిట్టను కంప్యూటరు కనిపెట్టును. 2001లో హ్యూలెట్ ప్యాకర్డు ప్రయోగశాలలోని మాల్జ్‌బెండరు మొదలగువారు ప్రకటించిన పద్ధతి ఈ త్రోవలోనిదే. అది నేడు మ్యూజియములలో వాడుకలోనున్నది. మన పూర్వులు తాటాకు మీద గంటముతో గీచిన అక్షరములకు మసి పూసి చదువుకొనలేదా? మసి అక్షరమును కల్పింపలేదు, ఉన్నదానిని చూపినది. ఈ వెలుతురు పనియు అట్టిదే. ఇందు మాకు లేశమును ఆక్షేపణ లేదు.

రెండవది పోలిక పని. వేలకొలది నాణెముల చిత్రములను, వాటి పేర్లతో గూడ, యంత్రమునకు చూపుదురు. క్రొత్తనాణెము వచ్చినప్పుడు అది తాను చూచినవానిలో దేనిని పోలియున్నదో లెక్క వేయును. ఇదియు ఉపకారమే. కాని ఇందొక గుణము కలదు. నూరు రకములు నేర్పిన యంత్రమునకు నూటయొకటవ రకము చూపినచో, తెలియదను జవాబును ప్రత్యేకముగ నేర్పి యుండనిచో, ఆ నూరింటిలోనే ఒకదాని పేరు చెప్పును. పైగా ‘నూటికి తొంబది పాళ్లు నిశ్చయము’ అని ప్రక్కన వ్రాయును. రోము చక్రవర్తుల నాణెములు మాత్రమే చూచిన యంత్రమునకు మన సాతవాహనుల సీసపు బిళ్ల చూపినచో ఏ సీజరు పేరో వచ్చుట ఆశ్చర్యము గాదు. ఆ తొంబది పాళ్లు నాణెమునకు సంబంధించిన నిశ్చయము కాదు. తాను చూచినవానిలో ఇది యెక్కువ పోలియున్నదని మాత్రమే దాని అర్థము. బడిలో మనము పిల్లలకు ఏమి నేర్పుదుము? తెలియనప్పుడు తెలియదనుట సిగ్గు కాదని నేర్పుదుము. ఆ మొదటి పాఠము లేని శిష్యుని తెచ్చి గురుపీఠమున కూర్చుండబెట్టుట ఏపాటి సంస్కారము?

ఇది మా భయకల్పన యని తోచువారు 2013లో జరిగినదానిని వినవలెను. జర్మనీలో డేవిడు క్రీజెలు అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక యింటి నక్షాను జెరాక్సు కంపెనీవారి యంత్రమున నకలు తీసెను. మూడు గదుల వైశాల్యములు మూడు విధములుగా నుండగా, నకలులో మూడింటికిని 14.13 అనియే వచ్చినది. స్థలము కలిసివచ్చుటకై ఆ యంత్రము ఒకదానినొకటి పోలిన ముక్కలను ఒక్కటిగా భావించి, ఒకదాని చోట మరియొకదానిని అతికించుచుండెను. మసకబారిన అంకె వచ్చినచో చూచినవాడు అనుమానించి యుండును. వచ్చినది చక్కని, స్పష్టమైన, తప్పు అంకె. మన వాడుకలో జెరాక్సు అనగా మూలమునకు అక్షరమక్షరము సరియైన ప్రతి యని అర్థము. ఆ పేరిటి యంత్రమే ఇట్లు చేసినది. నేడు అరిగిన నాణెపు చిత్రమును క్రొత్తదానివలె ‘పునరుద్ధరించి’ చూపు కృత్రిమ మేధలు వచ్చినవి. వాటి మెరుగును చూచి మురియువారు ఈ 14.13ను మరువరాదు.

మన చరిత్రలో ఇట్టి చిన్నగీతల మీద ఎంత భారము నిలిచియున్నదో చెప్పుదుము. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలియు చోట కోటిలింగాల యను గ్రామమున్నది. అచ్చట దొరకిన నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1970 తరువాతి దశకమున చదివి ప్రకటించిరి. వానిలో గోభద, నారన, సమగోప యను, అంతకుముందు చరిత్ర యెరుగని పేర్లు బయటపడినవి. చిముక సాతవాహనుని పేరును బయటపడినది. మహారాష్ట్రములోని నానేఘాటు గుహలో సిముక సాతవాహనుని పేరు చెక్కబడి యున్నది. సాతవాహనుల తొలి సీమ మహారాష్ట్రమా, తెలంగాణమా యను వివాదమున కోటిలింగాల నాణెములు ముఖ్యసాక్షులైనవి. అవి ఏపాటి సాక్షులు? గోరంత బిళ్లల మీద ఆవగింజలంత బ్రాహ్మీ అక్షరములు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది యగుటచేత పేరులో కొంత బిళ్ల వెలుపలనే పడిపోవుట కలదు; మిగిలినది నేలలోని ఉప్పు తినును. ఒక నాణెము మీద పేరు మొదలు, మరియొకదాని మీద నడుమ, వేరొకదాని మీద తుద పట్టుకొని అతికి చదువుటయే ఈ విద్య.

అదే రాజు పేరు పురాణములలో ఏమైనదో చూడుడు. మత్స్యపురాణమున శిశుకుడు, వాయుపురాణమున సింధుకుడు, విష్ణుపురాణమున శిప్రకుడు. వ్రాయసగాండ్రు దుర్మార్గులు కారు. చెదలు తిన్న ఆకులో అక్షరము కానరానప్పుడు, ఖాళీ విడువక, తమకు తోచిన చక్కని పేరు వ్రాసియుందురు. వారి తరువాతివానికి ఆ పేరు ఊహయని తెలియు త్రోవ లేకపోయినది. శతాబ్దములు గడచిన పిమ్మట మన శాసనపండితులు ఈ రోగమునకు మందు కనిపెట్టిరి. కానవచ్చిన అక్షరమును ఊరక వ్రాయుదురు. సందేహముగా నున్నదానికి గుర్తు పెట్టుదురు. తాము పూరించినదానిని కుండలీకరణములలో నుంచుదురు. 1931లో హాలండులోని లైడెను నగరమున కూడిన యూరపు పండితులు ఈ గుర్తులకు ఒక కట్టుబాటు చేసికొనిరి. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములను తిరుగవేసినవారికి మన పండితులును ఇట్టి నియమమునే పాటించిరని తెలియును. ఆ చిన్న వంకరగీత పాండిత్యమున కెల్ల ప్రాణమని మా యభిప్రాయము. యంత్రము తెచ్చు అపాయము తప్పు చదువుటలో లేదు. మనుష్యులును తప్పు చదువుదురు. అది కుండలీకరణమును తుడిచివేయుటలో ఉన్నది.

తుడువకుండ చేయవచ్చునా? చేయవచ్చును, చేసినవారున్నారు. 2022లో డీప్‌మైండు సంస్థవారు కొందరు చరిత్రకారులతో కలిసి, శిథిలమైన గ్రీకు శాసనములను పూరించుటకు ఇథాకా యను యంత్రమును ప్రకటించిరి. చరిత్రకారులు ఒంటిగ పూరించినప్పుడు నూటికి 25 పాళ్లు, యంత్రము ఒంటిగ 62 పాళ్లు, చరిత్రకారులు యంత్రమును చేతబట్టినప్పుడు 72 పాళ్లు సరిపడినవి. పండితుడక్కరలేదనువారును, యంత్రమక్కరలేదనువారును ఈ మూడు సంఖ్యల యెదుట ఏమి చెప్పుదురు? అంతకంటె మాకు నచ్చినది మరియొకటి. ఆ యంత్రము ఒక్క జవాబుతో నోరు మూయింపదు. ఇది కావచ్చును, ఇది కావచ్చును అని పలు పూరణములను, ఒక్కొక్కదాని బలమును ప్రక్కన పెట్టి చూపును. దాని వెనుక డెబ్బదియెనిమిది వేలకు పైగా గ్రీకు శాసనముల పాఠములున్నవి; తరతరముల పండితులు చదివి కూర్చిన నిధి యది. మన సాతవాహన నాణెములకు అట్టి నిధి యేది? నిధి కూర్పక యంత్రమును పిలుచుట దంచని బియ్యమునకు ఎసరు పెట్టుట వంటిది.

‘యంత్రమునకు పక్షపాతము లేదు గదా, మీ ప్రాంతాభిమానముల నుండి చరిత్రను అది రక్షించును’ అని కొందరందురు. ఇది వినుటకు సొంపుగ నున్నది. సాతవాహనుల వెండినాణెముల మీద ఒకవైపు ప్రాకృతమును, రెండవవైపు దక్షిణదేశపు భాష యొకటియు నున్నవి. ఆ రెండవ భాష ప్రాచీన తమిళమని కొందరు, కాదు దేశియని కొందరు వాదించిరి. ఇప్పుడు తమిళమని పేరు వ్రాసిన చిత్రములతో యంత్రమునకు నేర్పినచో తమిళమనును. తెలుగని వ్రాసి నేర్పినచో తెలుగనును. అభిమానము పోలేదు, కానరాని చోట దాగినది. మునుపు వాదించినవాని పేరు తెలియుచుండెను, అతనికి జవాబు వ్రాయుటకు వీలుండెను. కావున ఎవరు ఏ చిత్రమునకు ఏ పేరు పెట్టి నేర్పిరో ఆ జాబితా బయటపెట్టని యంత్రపు చదువును సాక్ష్యముగ గైకొనరాదని మేము గట్టిగ చెప్పుచున్నాము.

యంత్రమునకు నిజముగ తగిన పని యొకటి యున్నది; దానినెవరును పొగడరు. ఒకే అచ్చుతో కొట్టిన నాణెములను వేలలోనుండి ఏరి ఒకచోట చేర్చుటకు మనుష్యుని కన్ను ఏండ్ల తరబడి శ్రమపడవలెను, యంత్రము అలయదు. అచ్చు ఒక్కటియని తేలినచో, ఒకదాని మీద పోయిన అక్షరమును మరియొకదాని మీద నిజముగ చూడవచ్చును. ఇది ఊహ కాదు, సాక్ష్యము. కాని దీనికి నాణెములన్నియు చిత్రములై యొకచోట నుండవలెను గదా.

ఈ పనికి కావలసినవన్నియు ఒకే నగరమున నున్నవి. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమున నాణెములున్నవి. 1903లో వెలసిన సైఫాబాదు టంకశాల పని 1997లో చర్లపల్లికి తరలగా, ఆ పాత భవనమున 2022లో నాణెముల ప్రదర్శనశాల వెలసినది. 1998లో స్థాపింపబడిన ట్రిపుల్ ఐటీలో మన భాషల అచ్చుపుటలను కంప్యూటరుచే చదివించు పని చేసినవారున్నారు. ఈ మూడింటి నడుమ దూరము సిటీబస్సులో పోదగినంతయే. మ్యూజియమువారు ప్రతి నాణెపు రెండు ముఖములను ఏటవాలు దీపములతో తీయించి, తూకముతోను దొరకిన చోటితోను గూడ ఎల్లరకు ఉచితముగ అందింపవలెను. యంత్రపు చదువును అచ్చువేయునప్పుడు కన్నది యొక వరుసను, ఊహించినది వేరొక వరుసను ఉండవలెను. పండితుని కొలువు ఖాళీయైనప్పుడు యంత్రము వచ్చినదని దానిని ఎత్తివేయరాదు.

ధనము లేదందురు. ఒక కెమెరా, దానిని బిగించు నిలువు, కొన్ని దీపములు, ఓపిక గల ఇద్దరు. మొదలుపెట్టుటకు ఇంతకంటె ఎక్కువ అక్కరలేదు. బ్రాహ్మీ అక్షరమాలను బుద్ధిగల పిల్లలు ఒక వేసవిలో నేర్చుకొనగలరు. బాలికల కళాశాలలలో దీనిని ఆరంభించుట మరింత మేలు. మొదటి పళ్లెము కోటిలింగాల నాణెములది కావలెనని మా కోరిక.